కట్టె రాట్నాలు, కొయ్య కొండలు



ఏ విషయాన్నైనా ఒక మాటతో మొదలుపెట్టడం మా పాతకాలపు తెలుగు పండితుల అలవాటు. ఆ అలవాటు చొప్పున ‘రాట్నం’ అన్న మాటను ముందు పట్టుకుంటాను. నూలు వడికేది రాట్నమే. బావి నుండి నీరు తోడేది రాట్నమే. జాతరలో పిల్లలను గిరగిర త్రిప్పేది కూడా రాట్నమే. సంస్కృతంలో నీటిచక్రానికి ‘అరఘట్టము’ అని పేరున్నది. అది ప్రాకృతంలో ‘రహట్ట’ అయి, హిందీలో ‘రహట్’గా నిలిచి, మన నోట రాట్నమయిందనడం నాకు సమంజసంగా తోస్తుంది. అంటే ముందు పని, తరువాత ఆట. నీరు తోడిన చక్రమే మనిషిని కూడా పైకెత్తి దింపితే ఎలా ఉంటుందోనన్న కుతూహలం ఏనాటి వడ్రంగికి కలిగిందో గాని, అతనికి మన పిల్లలందరూ ఋణపడి ఉన్నారు.

ఈ వ్యాసానికి విషయం నిజానికి రాట్నం కాదు. అమెరికా, ఐరోపా దేశాల ఆటపార్కులలో కొండంత ఎత్తున కలపతో కట్టి, దానిపై బండ్లను పరుగెత్తించే ‘రోలర్ కోస్టర్’ అనే యంత్రం. ఉక్కుతో కట్టినవి ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నవి. మన రావిర్యాలలో 2016లో తెరచిన వండర్లాలో ఉన్నది ఉక్కు కోస్టరే. కట్టెతో కట్టినది మాత్రం తెలుగునేలపై నేటికీ వెలయలేదు. లేని వస్తువును గురించి జైనూరు మాస్టారుకు ఎందుకని మీరు అడుగవచ్చు. మా వద్ద ఉండి పోయిన ఒక వస్తువుకు, అక్కడ పోకుండా నిలిచిన ఈ వస్తువుకు చుట్టరికం ఉన్నదని నా నమ్మకం. ఆ చుట్టరికం చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మా జైనూరు ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 తరువాత కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. ఇక్కడివారికి పెద్ద జాతర అంటే కేస్లాపూర్ నాగోబా జాతరే. పుష్యమాసపు అమావాస్య నాడు మెస్రం వంశీయులు మహాపూజ చేయగానే మొదలయ్యే ఆ జాతరకు చుట్టుప్రక్కల గూడేలన్నీ ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చేవి. నా చిన్నతనంలో, అంటే 1960ల చివరలో, 1970ల మొదట్లో, ఆ జాతరలో నిలువురాట్నం పూర్తిగా కట్టెదే. నేలలో పాతిన రెండు జతల గుంజలు, వాటి తలలపై పండుకోబెట్టిన ఇరుసు, ఇరుసుకు అడ్డంగా శిలువలాగ బిగించిన దూలాలు, దూలాల కొసలకు వ్రేలాడే నాలుగు తొట్టెలు. ఇంజను లేదు, కరెంటు లేదు. ఇద్దరు మనుషులు క్రింద నిలబడి దిగివచ్చిన తొట్టెను పట్టి త్రోసేవారు. కొంచెం పెద్ద రాట్నమయితే ఒకడు కోతిలాగ దూలాలమీదికి ఎగబ్రాకి తన బరువుతోనే దానిని త్రిప్పేవాడు. ఇప్పుడు అక్కడ లైట్లతో ధగధగలాడే ఇనుప చక్రం తిరుగుతుంది. దానిని మావాళ్ళు ‘జాయింట్ వీల్’ అంటారు. జెయింట్ కాదయ్యా అని చెప్పి చెప్పి నేను విసిగిపోయాను. అన్నన్ని ముక్కలు అతికించి నిలబెడతారు గనుక జాయింట్ అనడంలో కూడా న్యాయం ఉన్నదేమో!

ఈ నిలువురాట్నం ప్రాచ్యదేశాల వస్తువని చెప్పడానికి ఆధారాలున్నవి. ఇంగ్లండు యాత్రికుడు పీటర్ మండీ 1620లో తురుష్క సామ్రాజ్యం మీదుగా ప్రయాణిస్తూ, నేటి బల్గేరియాలోని ప్లోవ్‌డివ్ నగరంలో జనం ఇటువంటి చక్రాలెక్కి తిరగడం చూచి వ్రాసిపెట్టాడు. ఆ తరువాత ఆయన మన దేశానికీ వచ్చాడు. చికాగోలో 1893 నాటి మహాప్రదర్శనకు జార్జి ఫెర్రిస్ 264 అడుగుల ఉక్కుచక్రం నిలబెట్టేదాకా, ఈ ఆట చాలావరకు చేతులతో త్రిప్పే కట్టెచక్రంగానే లోకమంతా తిరిగింది.

రాట్నం ఇటు తూర్పుది. కోస్టరు ఉత్తరపు మంచునేలది. దానికి మన భాషలో సరియైన తాతముత్తాత ‘జారుడుబండ’. ఊరి ప్రక్కన ఏటవాలుగా ఉన్న నున్నని బండమీద పిల్లలు తుమ్మకొమ్మలు వేసుకొని జారి నిక్కర్లు చింపుకోవడం మనమెరిగినదే. రష్యాలో కొండలు లేనిచోట కట్టెతో కొండ కట్టి, దానిపై నీరు పోసి గడ్డకట్టించి, చిన్న బల్లలమీద జారేవారు. పదిహేడవ శతాబ్దం నుండే ఈ మంచుజారుళ్ళు ఉన్నవి. రెండవ కేథరిన్ మహారాణి సెయింట్ పీటర్స్‌బర్గ్ సమీపాన ఒరానియెన్‌బామ్‌లో వేసవిలో కూడా జారడానికి ఒక పెద్ద కొయ్య జారుడును కట్టించుకున్నది. దానికి శిల్పి ఆంటోనియో రినాల్డి. 1762లో మొదలై 1774 దాకా ఆ పని సాగింది. ఆ జారుడు ప్రక్కన రాణి, రాణివారి అతిథులు విశ్రమించేందుకు ఒక అందమైన మేడ కూడా కట్టారు. కాలక్రమాన కొయ్య జారుడు పాడై తొలగిపోయింది, మేడ మిగిలింది. ఈ సంగతిని చదువరులు కొంచెం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకో తరువాత చెబుతాను.

1817లో పారిస్ నగరంలో ఈ ఆటకు చక్రాలు వచ్చాయి. బెల్‌విల్‌లో కట్టిన ‘రష్యా కొండల’లో బండి ఇరుసు కొసలు దారి ప్రక్కన చెక్కిన గాడిలో ఇమిడి ఉండేవి, బండి ఎగిరిపోకుండా. ఇక్కడ పండితుడికి ఒక చిన్న పండుగ ఉన్నది. ఫ్రెంచివారు, స్పెయిన్‌వారు దీనిని ఇప్పటికీ ‘రష్యా కొండలు’ అనే పిలుస్తారు. రష్యావారేమో ‘అమెరికా కొండలు’ అంటారు! ఎవరికి వారు ఈ పిచ్చి మాది కాదు, అవతలివాడిది అన్నట్టు.

అమెరికాకు ఇది ఆటగా రాలేదు, బొగ్గుబండిగా వచ్చింది. పెన్సిల్వేనియాలో మాచ్ చంక్ అనే చోట 1827లో గని నుండి కాలువ దాకా సుమారు తొమ్మిది మైళ్ళు పట్టాలు పరచారు. బొగ్గు నింపిన బండ్లు తమ బరువుతో తామే కొండ దిగేవి. ఖాళీబండ్లను పైకి లాగడానికి కంచరగాడిదలు కావాలి గనుక వాటిని కూడా బండ్లలో ఎక్కించి క్రిందికి తెచ్చేవారు. మా పాత జిల్లా తూర్పుకొసన బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుబావుల వద్ద పెరిగినవారికి టబ్బులు, వాటిని తాడుతో లాగే హాలేజీ క్రొత్తవి కావు. అక్కడివారు దీనిని నాకంటె బాగా ఊహించుకోగలరు. బొగ్గు రవాణాకు వేరే దారులు వచ్చిన తరువాత, 1870లలో ఆ మాచ్ చంక్ దారి పూర్తిగా విహారయాత్రికులది అయింది. దానిని చూచిన ప్రేరణతోనే లామార్కస్ థాంప్సన్ అనే ఆయన 1884లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలండ్ సముద్రతీరాన 600 అడుగుల పొడవుతో కొయ్యదారి వేసి, అయిదు సెంట్లు తీసుకొని జనాన్ని ఎక్కించాడని చెబుతారు. వేగం గంటకు ఆరు మైళ్ళు. మన ఎడ్లబండి పోటీలో గెలిచేదే. అయినా జనం విరగబడ్డారు.

తరువాతి పేరు జాన్ మిల్లర్. అసలు శిల్పి ఇతడే అనిపిస్తుంది నాకు. బండిని గొలుసుతో కొండమీదికి లాగుతున్నప్పుడు గొలుసు తెగితే వెనక్కు జారిపోకుండా దారి మధ్యన పళ్ళపట్టీ, బండి క్రింద దానికి తగులుకొనే కొక్కెం అమర్చాడు. కోస్టరు ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం దానిదే. నేతమగ్గంలో బట్ట చుట్టుకొనే కర్రకు ఒక ప్రక్కన పళ్ళచక్రం, దానిని వెనక్కు తిరగనీయని చిన్న కొక్కెం ఉంటాయి చూడండి, ఆ సూత్రమే. 1919లో ఆయన పేటెంటు పొందిన మరొక ఉపాయం ఇంకా గొప్పది. దారిపైన నడిచే చక్రాలు గాక, దారి అడుగున తగిలి ఉండే చక్రాలు కూడా బండికి తగిలించాడు. దానితో బండి ఎగరబోయినా దారిని వదలదు. అంతకు ముందు బండి తన బరువుతో మాత్రమే దారిమీద నిలిచేది గనుక పెద్ద ఎత్తుపల్లాలు కట్టడానికి భయపడేవారు. ఈ అడుగు చక్రాలతో ఆ భయం తీరింది. 1920లలో అమెరికాలో కొయ్య కోస్టర్లు వెయ్యికి పైబడి ఉండేవని చరిత్రకారుల అంచనా. ఆ తరువాత ఆర్థికమాంద్యం, యుద్ధం వచ్చి చాలా భాగాన్ని తుడిచిపెట్టాయి.

ఇంతకీ కొయ్య కోస్టరు అని దేనిని అనాలి? క్రింద నిలబెట్టిన స్తంభాలను చూచి చెప్పకూడదు. స్తంభాలు ఉక్కువైనా దారి కొయ్యదైతే అది కొయ్య కోస్టరే. స్తంభాలు కొయ్యవైనా దారి ఉక్కుగొట్టమైతే కాదు. ఆ కొయ్యదారి ఎలా ఉంటుందంటే, పలకలమీద పలకలు ఏడెనిమిది పొరలుగా పేర్చి బిగించి, చక్రం తగిలేచోట మాత్రం సన్నని ఉక్కుపట్టీ పరుస్తారు. ఇది విన్నప్పుడు నాకు మా ఊరి వడ్రంగి, కమ్మరి కలిసి చేసే బండిచక్రం కళ్ళకు కట్టింది. చక్రం కట్టెది, దాని చుట్టూ ఎర్రగా కాల్చి తొడిగేది ఇనుపపట్టా. అరిగేది ఇనుము, ఓర్చుకొనేది కట్టె. రాయి తగిలినప్పుడు ఇనుము దెబ్బను తాను ఉంచుకోదు, కట్టెకు అప్పగిస్తుంది. కట్టె ఆ దెబ్బను తన నరాలలో పంచుకొని మ్రింగేస్తుంది. బండిచక్రం లోపల బయటగా ఉంటే కోస్టరుదారి అడుగు పైగా ఉన్నది, అంతే భేదం.

కొయ్య కోస్టరు గొప్పతనంలో సగం ఇక్కడే ఉన్నదని నేనంటాను. బండి వచ్చినప్పుడు ఆ కట్టడమంతా కొద్దిగా ఊగుతుంది. ఊగాలి కూడా. ఊగనిది విరుగుతుంది. ఎండకు, వానకు కలప పొంగుతుంది, ముడుచుకుంటుంది. ఉదయం కందెన చల్లగా గట్టిపడి ఉన్నప్పుడు బండి మందంగా, సాయంత్రానికి అన్నీ వేడెక్కి వేగంగా నడుస్తుంది. ఒకే కోస్టరు ఉదయం ఒక రాగం, రాత్రి ఒక రాగం పాడుతుందన్నమాట. ఉక్కుకు ఈ రాగభేదాలు తక్కువ.

మిగిలిన సగంలో మొదటిది, బండి మిట్ట దాటుతూ క్రిందికి వాలినప్పుడు మన శరీరం ఆసనం నుండి లేచి గాలిలో తేలే క్షణం. దానిని అక్కడివారు ప్రాణప్రదంగా చూస్తారు. పైకి విసిరిన రాయి ఏ వంపులో క్రిందికి వస్తుందో ఆ వంపులో మిట్టను మలిస్తే, దారి శరీరానికి సరిగ్గా తోడు వస్తుంది, ఆసనం బరువు మోయడం మానేస్తుంది. ఇంకొంచెం పదునుగా మలిస్తే ఆసనమే మనకంటె ముందు క్రిందికి పోతుంది. కెరమెరి ఘాటు దిగేటప్పుడు బస్సు వెనుక సీట్లో కూర్చున్నవారికి కడుపులో ఏదో జారినట్టవుతుందే, దాని పెద్దన్న ఇది. కట్టెరాట్నంలో తొట్టె పైకెళ్ళి వాలేటప్పుడు కలిగేది కూడా ఇదే. రెండవది నడక. మొదటి దిగుడులో కూడగట్టుకొన్న వేగాన్ని ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలో తెలిసిన లోభిలాగ ఉండాలి శిల్పి. మంచి సీసపద్యం పాదపాదానికీ ఊపిరిని ఎలా దాచుకుంటుందో, ఎత్తుగీతిలో ఎలా విడుస్తుందో పాఠం చెప్పినవారికి తెలుసు. ఎత్తు మాత్రం ఈ లెక్కలో చాలా చివరిది. ఇది నా మాట మాత్రమే కాదు, ఒక తండ్రీకొడుకుల కథ ఋజువు చేస్తున్నది.

ఆ కథ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటి నగరానికి ఉత్తరాన మేసన్ పట్టణంలో ఉన్న కింగ్స్ ఐలండ్ పార్కుది. ఆ ప్రాంతంలో మన తెలుగువారు చాలామందే స్థిరపడ్డారు. వారిలో మా అమ్మాయి ఒకతె. ఆ పార్కు 1972లో తెరచినప్పుడు జాన్ ఆలెన్ అనే పెద్దాయన ‘రేసర్’ అనే కొయ్య కోస్టరు కట్టి ఇచ్చాడు. కనుమరుగవుతున్న ఈ విద్యకు మళ్ళీ ఊపిరిపోసింది అదేనని అందరూ ఒప్పుకుంటారు. తరువాత పార్కువారు ఇంకా పెద్దది కట్టదలచి ఆయనను అడిగితే, వయసు పైబడినందున తాను కట్టలేనని, సలహాలు మాత్రం ఇస్తానని అన్నాడు. అందుచేత పార్కులో పనిచేసే ఆల్ కాలిన్స్, జెఫ్ గ్రామ్కీ అనే వారే లెక్కలు కట్టారు. చార్లెస్ డిన్ నిర్మాణం చూచాడు. 1979 ఏప్రిల్‌లో తెరచిన ఆ కోస్టరు పేరు ‘ది బీస్ట్’, అంటే మృగం.

దీని ఎత్తు 110 అడుగులే. పొడవు మాత్రం 7,300 అడుగులకు పైన, అంటే సుమారు రెండుంపావు కిలోమీటర్లు. కొయ్య కోస్టర్లలో ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న పేరు 1979 నుండి దానిదే. ఒక్కసారి ఎక్కితే నాలుగు నిమిషాలకు పైగా ఉంటాం. దాని గుట్టు ఏమిటంటే, వారు అడవిని చదును చేయలేదు. ముప్పై అయిదెకరాల చెట్ల గుట్టలను, లోయలను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, వాటి వెంబడి దారిని పరచారు. 110 అడుగుల ఎత్తు నుండి దిగే కొండ 137 అడుగులు దిగుతుంది. లెక్క తప్పు కాదు, మిగిలినది లోయ ఇచ్చిన అడుగులు!

నిరుటి వేసవిలో మనుమడి బలవంతం మీద నేనూ ఎక్కాను. పగలొకసారి, రాత్రి ఒకసారి. పగలు ఎక్కినప్పుడు, నిజం చెప్పాలంటే, బాగా కుదిపింది, నడుము పట్టుకున్నది. రాత్రి సంగతి వేరు. అడవిలో దీపాలుండవు. పార్కు వెలుగులన్నీ వెనుకపడి, చెట్ల మధ్య చీకటిలో దారి ఎటు తిరుగుతుందో తెలియక, క్రింద కట్టె గలగలమనే శబ్దం ఒక్కటే తోడుగా దూసుకుపోతుంటే, మార్లవాయి దారిలో రాత్రిపూట ఎడ్లబండి పల్లంలోకి పరుగందుకొన్నప్పటి గుబులు యాభై ఏండ్ల తరువాత మళ్ళీ కలిగింది. చివరన రెండవ కొండ ఎక్కి, ఏటవాలుగా చాలాసేపు దిగి, కట్టె గుహలో సుడి తిరుగుతుంది. మనుమడు “తాతయ్యా, ఇంకోసారి?” అన్నాడు. వాడిని వాళ్ళ అమ్మకు అప్పగించి నేను బెంచీ చూసుకున్నాను.

ఇక కొడుకు కథ. అదే పార్కులో 2000లో ‘సన్ ఆఫ్ బీస్ట్’ అని ఇంకొకటి కట్టారు. ఎత్తు 218 అడుగులు. కొయ్య కోస్టర్లలో రెండువందల అడుగులు దాటినది అదే మొదలు. గంటకు 78 మైళ్ళ వేగం. పైగా తలక్రిందులయ్యే ఒక పెద్ద చుట్టు కూడా పెట్టారు, అది ఉక్కుది. లెక్కల్లో తండ్రిని అన్నివిధాల మించినవాడు, పొడవులో తప్ప. కాని ఆ వేగానికి, ఆ బరువైన బండ్లకు కట్టె ఓర్చుకోలేదు. ఎక్కినవారు కుదుపుకు గగ్గోలు పెట్టారు. 2006 జులైలో ఒకచోట కలప పగిలి దారి కొంచెం క్రుంగడంతో బండి ఎగిరిపడి 27 మంది గాయపడ్డారు. చుట్టును తీసివేసి, తేలిక బండ్లు తెచ్చి 2007లో మళ్ళీ నడిపారు. 2009లో ఆగిపోయినది మళ్ళీ కదలలేదు. 2012లో విప్పివేశారు. కట్టెకు ఎంత ఓపిక ఉన్నదో తెలిసి కట్టినది నలభై అయిదేండ్లు దాటి నడుస్తున్నది. ఓపికకు మించి అడిగినది పదేండ్లు నిలువలేదు.

ఎత్తు కొలబద్ద కాదనడానికి మరొక సాక్షి పెన్సిల్వేనియాలోని నోబెల్స్ పార్కులో ఉన్న ‘ఫీనిక్స్’. ఎత్తు 78 అడుగులే. ‘అమ్యూజ్‌మెంట్ టుడే’ పత్రిక ఏటా ఇచ్చే గోల్డెన్ టికెట్ పురస్కారాలలో కొయ్య కోస్టర్లలో ప్రథమస్థానం 2018 నుండి పలుమార్లు దీనికే దక్కింది. ఇది మొదట 1940లలో టెక్సస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియోలో ‘రాకెట్’ అనే పేరుతో పుట్టింది. ఆ పార్కు 1980లో మూతపడింది. కోస్టరు ఎండకు ఎండి వానకు తడిసి నిలబడి ఉంటే, నోబెల్స్‌వారు దానిని ముక్క ముక్కగా విప్పించి, గుర్తులు వేయించి, దేశానికి ఆ కొసన ఉన్న తమ ఊరికి మోయించి, 1985లో మళ్ళీ నిలబెట్టారు. ఆ పని చూచినది బీస్టును కట్టించిన ఆ చార్లెస్ డిన్‌యే. బూడిదలో నుండి లేచిన పక్షి పేరు పెట్టడం ఎంతైనా సబబే.

ఇప్పుడు ఒరానియెన్‌బామ్ మేడ సంగతికి వస్తాను. రాయి మిగిలింది, కట్టె పోయింది. చరిత్రలో ఎప్పుడూ ఇంతే. మనకు కాకతీయుల గుళ్ళు మిగిలాయి గాని ఆ గుళ్ళు కట్టిన నాటి పరంజాలు, రథాలు, ఊయెలలు మిగలలేదు. కట్టె మిగలాలంటే ఒక్కటే మార్గం, దానిని వాడుతూ మారుస్తూ ఉండాలి. కొయ్య కోస్టరు ఉన్నచోట ప్రతి ఉదయం జనం రాకముందే మనుషులు ఆ దారి వెంబడి ఎక్కి దిగి చూస్తారు. వదులైన మొల బిగిస్తారు, చీలిన పలక మారుస్తారు. చలికాలంలో పార్కు మూసి ఉన్నప్పుడు గజాల కొద్దీ దారి క్రొత్తగా వేస్తారు. అలా కొన్ని దశాబ్దాలు గడిచేసరికి తొలినాటి పలక ఒక్కటైనా ఉందో లేదో. అయినా అది ఆ కోస్టరే. మన ధర్మపురి వంటి చోట్ల రథానికి ఒక ఏడు చక్రం, ఒక ఏడు ఇరుసు మార్చినా రథం మారిందని ఎవరూ అనరు గదా.

అమెరికాలో ఇది చక్కగా సాగలేదు సుమా. కోనీ ఐలండ్‌లో 1927లో కట్టిన ‘సైక్లోన్’ను 1970లలో పడగొట్టి ప్రక్కనున్న చేపల ప్రదర్శనశాలను పెంచాలని చూచారు. జనం అడ్డుపడ్డారు. 1988లో న్యూయార్కు నగరం దానిని రక్షిత కట్టడంగా ప్రకటించింది. పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో 1902 నాటి ‘లీప్ ది డిప్స్’ 1985లో ఆగిపోతే, చందాలు పోగుచేసి బాగుచేసి 1999లో మళ్ళీ నడిపించారు. మిల్లర్ కనిపెట్టిన అడుగు చక్రాలు కూడా లేని కాలపుది అది. దాని పెద్ద దిగుడు తొమ్మిదడుగులు. దానికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా 1996లోనే ఇచ్చారు. తొమ్మిదడుగుల దిగుడుకు! ఈ మధ్య పాత కొయ్య కోస్టర్లకు దారి తీసివేసి ఉక్కుదారి వేసే పద్ధతి కూడా వచ్చింది. 2011లో టెక్సస్ జెయింట్‌తో మొదలైంది. మెత్తగా పోతుందని యువకులు సంతోషిస్తారు. నాకు మాత్రం పాత ఇంటికి దూలాలుంచి గోడలు మార్చినట్టే ఉన్నది. పడగొట్టడం కంటె నయమేనని ఒప్పుకుంటాను.

మరి మావైపు? కట్టెతో కట్టిన ఆటయంత్రాలలో ఇప్పటికీ అక్కడక్కడ మిగిలినది ‘మౌత్ కా కువా’. పలకలు నిలువుగా బిగించిన గుండ్రని బావిలో మోటారు సైకిళ్ళు, కార్లు గోడమీద తిరిగే ఆట. ఇది కూడా కోనీ ఐలండ్ ప్రాంతంలో 1910లలో పుట్టిన మోటారుబావుల సంతానమే. హైదరాబాదు నుమాయిష్‌లో చాలామంది చూచి ఉంటారు. మోటారు తిరిగినప్పుడు పలకలు వరుసగా వంగి లేస్తూ గడగడమంటాయి. దానిలో ఉన్న గుండెదడ సగం ఆ శబ్దానిదే. అదే గోడ ఇనుముతో కడితే చూడబుద్ధి కాదేమో.

కట్టెరాట్నం మాత్రం పోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల మధ్యలో, జాతరకు వచ్చిన ఒక ముసలి రాట్నమాయనతో కూర్చొని కొంతసేపు మాట్లాడాను. ప్రక్కనే ఇనుప చక్రం ఇంజనుతో తిరుగుతున్నది. జనమంతా అటే ఉన్నారు. రాట్నానికి ఏ కట్టె మంచిదని అడిగాను. గుంజలకు టేకు, ఇరుసుకు తుమ్మ అన్నాడు. భయం లేదా, విరగదా అన్నాను.

“విరుగుతది సారూ, ఎందుకు విరగది? గని కట్టె ముందుగాల చెప్తది. కిర్రుమంటది, గులుగుతది. మనం ఇనాలె. ఇనుము చెప్పది. ఇరిగినంకనే తెలుస్తది.”

సన్ ఆఫ్ బీస్టు సంగతి చదివినప్పుడు ఆ ముసలాయన మాట ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో. కట్టె అక్కడ కూడా గులిగే ఉంటుంది. అంత ఎత్తున, అంత వేగాన వినడానికి ఎవరికి వీలు?

మా మార్లవాయిలో 1940లలో నివసించిన హైమెండార్ఫ్ దంపతులు గోండుల ఇండ్లను, పండుగలను, పనిముట్లను ఫోటోలు తీసి, గ్రంథాలు వ్రాసి దాచిపెట్టారు. మా వాళ్ళ అదృష్టం అది. రాట్నమువారు మాత్రం ఊరూరా తిరిగేవారు, జాతర ముగియగానే విప్పి బండిలో వేసుకొని పోయేవారు. ఏ ఊరివారూ కారు గనుక ఏ ఊరి చరిత్రలోనూ పడరు. దూలం కొలతలేమిటి, తొట్టెల బరువు సరితూచేది ఎలా, ఇరుసుకు ఏ కందెన రాసేవారు, విప్పేటప్పుడు ఏ ముక్క ముందు తీసేవారు, ఇవేవీ ఎవరి పుస్తకంలోనూ నాకు కనబడలేదు. నిర్మల్ కొయ్యబొమ్మలలో చిన్న రాట్నం బొమ్మ దొరికితే కొనుక్కొని అలమరలో పెట్టుకోవచ్చు గాని, దానిని చూచి అసలుదానిని కట్టలేం.

చదువరులలో యాభై దాటినవారు చాలామంది ఉన్నారని వ్యాఖ్యలను బట్టి ఎరుగుదును. మీ ఊరి జాతరలో, తిరునాళ్ళలో కట్టెరాట్నం చూచి ఉంటే, ఏ ఊరు, ఇంచుమించు ఏ సంవత్సరం, తొట్టెలెన్ని, ఎంతమంది త్రిప్పేవారు, ఎక్కడానికి ఎన్ని పైసలు, ఈ అయిదు సంగతులు క్రింద వ్రాయండి. ఇంట్లో పాత ఫోటో ఉంటే ఇంకా మేలు. రాట్నమువారి కుటుంబాలు ఎక్కడైనా ఉన్నట్టు తెలిస్తే పేర్లు ఇక్కడ వ్రాయక నాకు విడిగా తెలియజేయండి, వారిని అడిగి వారు ఒప్పుకున్నాకనే ప్రచురిద్దాం. పుష్యమాసంలో కేస్లాపూర్ వెళ్ళినప్పుడు అక్కడి పెద్దలను నేనూ అడిగి వచ్చి, వచ్చినంతవరకు లెక్కలతో ఒక బొమ్మ గీయిస్తాను.